ఇంట్లో చెయ్యి ఊపుతూ ఆడే టెన్నిస్ వీడియో గేమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

రిమోట్‌ను రాకెట్‌లా పట్టుకుని టీవీ ముందు నిలబడి ఆడే టెన్నిస్ మా ఇంట్లో చాలా ఏళ్ళుగా నడుస్తోంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. చాలామంది మొదట్లో బలం చూపించాలని చూస్తారు. ఈ ఆట మాత్రం సమయం మీద నడుస్తుంది. కింది జవాబుల్లో సగం ఆ తేడా గురించే.

నా చెయ్యి కదిలిందని టీవీకి ఎలా తెలుస్తుంది?

టీవీకి ఏమీ తెలియదు. తెలిసేది చేతిలో ఉన్న రిమోట్‌కి. 2006లో వచ్చిన నింటెండో వారి వీ (Wii) రిమోట్‌లో యాక్సిలరోమీటర్ అనే చిన్న చిప్ ఉంది. రిమోట్ వేగం ఒక్కసారిగా పెరిగినా తగ్గినా అది మూడు దిశల్లో కొలిచి, ఆ లెక్కను బ్లూటూత్ ద్వారా కన్సోల్‌కి, అంటే టీవీకి తగిలించే గేమ్ పెట్టెకి, పంపుతుంది. "ఇప్పుడు ఊపారు, ఇంత జోరుగా ఊపారు" అన్నంతవరకు దానికి బాగా తెలుస్తుంది. మణికట్టు ఎటు తిరిగింది, రాకెట్ ముఖం ఏ కోణంలో ఉంది అన్నది మాత్రం పూర్తిగా అందదు. ఆ లోటు తీర్చడానికే 2009లో మోషన్‌ప్లస్ అనే చిన్న ముక్కను రిమోట్ అడుగున తగిలించుకునేలా ఇచ్చారు. అందులో గైరోస్కోప్ ఉంటుంది, అది తిరుగుడును కొలుస్తుంది. నింటెండో వారిదే స్విచ్ అనే కన్సోల్‌తో వచ్చే చిన్న కంట్రోలర్ జాయ్-కాన్‌లో ఈ రెండూ మొదటి నుంచే ఉన్నాయి.

వీ కొన్నప్పుడు టీవీ దగ్గర పెట్టుకోమని ఇచ్చే సెన్సార్ బార్ చూసి, చేతి ఊపును అదే పట్టుకుంటుందని అనుకుంటారు. నిజానికి ఆ బార్ ఏమీ కొలవదు. దాని రెండు చివర్ల నుంచి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వస్తుంది, అంతే. ఆ వెలుగును చూసే కెమెరా రిమోట్ ముందు భాగంలో ఉంటుంది. మెనూలో చెయ్యి గుర్తును కదపడానికి అది కావాలి. టెన్నిస్ షాట్ కొట్టడానికి దానితో పని లేదు. అందుకే టీవీకి పక్కగా తిరిగి నిలబడి ఆడినా షాట్ పడుతుంది.

2010లో ఎక్స్‌బాక్స్ అనే కన్సోల్‌కి వచ్చిన కినెక్ట్ పద్ధతి వేరు. అక్కడ చేతిలో ఏమీ ఉండదు, ఎదురుగా ఉన్న కెమెరాయే ఒంటి కదలికను గమనిస్తుంది.

ఏ గేమ్‌తో మొదలుపెట్టాలి?

మీ ఇంట్లో ఏ కన్సోల్ ఉంటే దానికి తగ్గది. వీ ఉంటే వీ స్పోర్ట్స్‌లోని టెన్నిస్‌ను మించినది లేదు. జపాన్, దక్షిణ కొరియా తప్ప మిగతాచోట్ల అది కన్సోల్‌తో పాటే ఇచ్చారు కాబట్టి పాత వీ ఉన్న ఇంట్లో ఆ డిస్క్ కూడా దొరకవచ్చు. స్విచ్ ఉంటే 2022 ఏప్రిల్‌లో వచ్చిన నింటెండో స్విచ్ స్పోర్ట్స్. కాస్త హడావిడి, వింత షాట్లు కావాలంటే 2018లో వచ్చిన మారియో టెన్నిస్ ఏసెస్‌లో స్వింగ్ మోడ్ ఉంది. ప్లేస్టేషన్ 3 మూవ్ కంట్రోలర్‌తో వర్చువా టెన్నిస్ 4 ఆడవచ్చు. కినెక్ట్ ఉన్నవాళ్ళకు కినెక్ట్ స్పోర్ట్స్ రెండో భాగంలో టెన్నిస్ ఉంది.

ఎవరైనా మొదటిసారి ఆడుతుంటే నేను వీ స్పోర్ట్స్‌తోనో స్విచ్ స్పోర్ట్స్‌తోనో మొదలుపెట్టమంటాను. తెర మీద మీ తరఫున ఆడే బొమ్మ తనంతట తానే బంతి వైపు పరిగెత్తుతుంది, మీరు ఊపడం ఒక్కటే చూసుకోవాలి. బటన్ల గొడవ లేకపోతే ఎవరైనా రెండు నిమిషాల్లో ఆటలో పడిపోతారు.

స్విచ్ లైట్ ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: దాని కంట్రోలర్లు ఊడిరావు. చెయ్యి ఊపి ఆడాలంటే జాయ్-కాన్‌లు విడిగా కొనుక్కోవాలి.

గదిలో ఎంత జాగా ఉండాలి?

రిమోట్ పట్టుకుని చేతులు రెండు పక్కలకీ బారుగా చాచి, ఒక్కసారి గుండ్రంగా తిరగండి. ఏదీ తగలకపోతే ఒకరికి ఆ జాగా చాలు. ఇద్దరు ఆడేటప్పుడు ఇద్దరూ ఇలా తిరిగినా ఒకరి చెయ్యి ఇంకొకరికి తగలకూడదు. ఎక్కువమంది మర్చిపోయేది పైకి చూడటం. సర్వ్ చేసేటప్పుడు, అంటే పాయింటు మొదలుపెట్టే షాట్ కొట్టేటప్పుడు, చెయ్యి తల మీదుగా లేస్తుంది, అక్కడ ఫ్యానో వేలాడే లైటో ఉండకూడదు.

కుడిచేతి వాటం వాళ్ళు ఇద్దరు పక్కపక్కన నిలబడితే, ఎడమవైపు నిలబడ్డవాళ్ళ ఫోర్‌హ్యాండ్ (రాకెట్ పట్టిన చేతి వైపు నుంచి కొట్టే షాట్) కుడిపక్కవాళ్ళ మీదికే వెళుతుంది. మా ఇంట్లో ఒకసారి ఇలాగే మా తమ్ముడి పెదవి చిట్లింది. అప్పటినుంచి మేము ఒకరు అడుగున్నర ముందు, ఒకరు వెనక నిలబడతాం. చూస్తున్నవాళ్ళు ఆడేవాళ్ళ వెనక కూర్చుంటే సరిపోదు, దూరంగా కూర్చోవాలి. ముఖ్యంగా చిన్నపిల్లలు. తెర మీద బంతిని చూస్తున్న మనిషికి వెనక నుంచి నడిచివచ్చే పాప కనబడదు.

కినెక్ట్‌కి జాగా ఇంకా ఎక్కువ కావాలి. ఒకరు ఆడితే కెమెరాకి సుమారు 1.8 మీటర్లు, ఇద్దరైతే సుమారు 2.4 మీటర్ల దూరంలో నిలబడాలి.

చేతికి తాడు తప్పకుండా కట్టుకోవాలా?

తప్పకుండా. ఆడుతున్న కొద్దీ అరచెయ్యి చెమటపడుతుంది, రిమోట్ జారుతుంది. వీ వచ్చిన కొత్తలో సన్నని తాళ్ళు తెగి రిమోట్లు ఎగిరిపోయిన సంఘటనలు చాలా జరిగాయి. 2006 డిసెంబరులో నింటెండో దాదాపు 32 లక్షల తాళ్ళను ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. తాడు మందం 0.6 మిల్లీమీటర్ల నుంచి 1 మిల్లీమీటరుకు పెంచారు. మరుసటి ఏడాది రిమోట్‌కి రబ్బరు తొడుగు కూడా ఇచ్చారు. మీ దగ్గర పాత రిమోట్ ఉంటే తాడు మందం ఒకసారి చూసుకోండి, దారంలా సన్నగా ఉంటే మార్చండి.

తాడు చేతికి వేసుకుని, బిగించే ముక్కను మణికట్టు దాకా జరపాలి. వదులుగా వేలాడే తాడు ఉన్నా లేనట్టే. చెయ్యి తుడుచుకోవడానికి పక్కన చిన్న తువ్వాలు పెట్టుకోండి.

బంతి ఎప్పుడూ ఒక పక్కకే పోతోంది. నేను కోరుకున్న వైపు కొట్టడం ఎలా?

ఈ ఆటలో అసలు కిటుకు ఇదే. వీ స్పోర్ట్స్, స్విచ్ స్పోర్ట్స్ రెండింటిలోనూ బంతి ఎటు పోతుందో నిర్ణయించేది మీరు ఎటు చూపిస్తూ ఊపారన్నది కాదు, ఎప్పుడు ఊపారన్నది. కుడిచేతి ఫోర్‌హ్యాండ్ తీసుకోండి. బంతి ఇంకా ముందుండగానే తొందరపడి ఊపితే అది ఎడమకు పోతుంది. బాగా దగ్గరికి వచ్చేదాకా ఆగి ఊపితే కుడికి పోతుంది. సరైన క్షణంలో తగిలితే నేరుగా వెళుతుంది. రెండో పక్క నుంచి కొట్టే బ్యాక్‌హ్యాండ్‌లో ఇదంతా తారుమారు.

అసలు టెన్నిస్‌లోనూ జరిగేది ఇదే. రాకెట్ ఒక చాపంలో తిరుగుతుంది. ఆ చాపం మొదట్లో బంతి తగిలిందా చివర్లో తగిలిందా అన్నదాన్ని బట్టి రాకెట్ ముఖం ఎటు తిరిగి ఉంటుందో మారుతుంది. గేమ్ తయారుచేసినవాళ్ళు ఆ ఒక్క సూత్రాన్ని తీసుకుని మిగతా కష్టమంతా వదిలేశారు. అందుకే ఇది ఇంత తేలిగ్గా ఉండి కూడా విసుగు పుట్టించదని నాకనిపిస్తుంది.

కాబట్టి మీ బంతి ఎప్పుడూ ఎడమకే పోతోందంటే మీరు తొందరపడుతున్నారని అర్థం. కొత్తవాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది చేసే పొరపాటు ఇదే అనిపిస్తుంది నాకు. మందు ఒక్కటే: బంతి నేలను తాకేదాకా చూడండి, తాకాక మనసులో "ఒకటి" అనుకుని ఊపండి. మొదట్లో ఆలస్యం చేసినట్టు అనిపిస్తుంది. ఓ పావుగంట ఆడితే చెయ్యి సర్దుకుంటుంది. వీ స్పోర్ట్స్ శిక్షణ విభాగంలో బంతిని ఒక గురికి కొట్టే అభ్యాసాలు ఉన్నాయి. మ్యాచ్‌ల కంటే వాటిలో త్వరగా పట్టు దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. మరీ ముందుగా గానీ మరీ ఆలస్యంగా గానీ ఊపితే బంతి పక్క గీత దాటిపోతుంది. మూల చూసి కొట్టాలనే ఆశతో పాయింట్లు పోగొట్టుకునేది ఇక్కడే.

గట్టిగా ఊపితే బంతి వేగంగా పోతుందా?

కొంతవరకు పోతుంది, ఆ తర్వాత లాభం లేదు. వీ రిమోట్‌లోని చిప్ భూమ్యాకర్షణకు మూడు రెట్ల వరకు కొలవడానికి తయారైంది. అంతకు మించి ఎంత విసిరినా దానికి "గరిష్ఠం" అనే తెలుస్తుంది. అంటే బల్ల గుద్దినట్టు ఊపినా, చురుగ్గా మణికట్టుతో ఊపినా గేమ్‌కి ఒక్కటే కావచ్చు. భుజం అరిగేది మాత్రం మీది.

పెద్ద ఊపుతో ఇంకో నష్టం ఉంది. చెయ్యి వెనక్కి లాగడాన్ని కూడా కొన్నిసార్లు గేమ్ షాట్‌గా లెక్కేస్తుంది. మీరు ఇంకా కొట్టకముందే బొమ్మ గాల్లో కొట్టేస్తుంది, బంతి దాటిపోతుంది. "నేను ఊపలేదు, అదే ఊపింది" అని చాలామంది అంటారు. వెనక్కి నెమ్మదిగా తీసుకెళ్ళి, ముందుకు చురుగ్గా తీసుకురండి. మోచెయ్యి నుంచి మొదలై మణికట్టు దగ్గర ముగిసే చిన్న ఊపు చాలు.

లాబ్, స్పిన్ కొట్టవచ్చా?

కొట్టవచ్చు. కింద నుంచి పైకి ఊపితే బంతి ఎత్తుగా లేచి నెట్ దగ్గర ఉన్నవాళ్ళ తల మీదుగా వెళుతుంది, అదే లాబ్. మణికట్టు తిప్పుతూ ఊపితే స్పిన్ వస్తుంది, అంటే బంతి గిర్రున తిరుగుతూ పోతుంది. గైరోస్కోప్ ఉన్న కంట్రోలర్లలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. పాత రిమోట్‌లో అంత నమ్మకంగా రాదు. ముందు దిశ మీద పట్టు తెచ్చుకుని తర్వాత స్పిన్ జోలికి వెళ్ళండి.

ఎదుటివాళ్ళ సర్వ్ బాణంలా వస్తోంది. నాది మాత్రం తేలిపోతోంది. ఎందుకు?

బంతిని ఎగరేశాక అది పైన ఒక్క క్షణం ఆగినట్టు కనిపిస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో కొట్టాలి. అది కిందికి దిగడం మొదలుపెట్టాక కొడితే మామూలు సర్వే వస్తుంది. ఇక్కడ కూడా బలం పెంచి ప్రయోజనం లేదు. వేగంగా వచ్చే సర్వ్‌ను తిప్పికొట్టడం నేర్చుకోవాలంటే మాత్రం మీరు అలవాటుపడ్డ క్షణం కంటే కాస్త ముందే ఊపాలి.

నెట్ దగ్గరున్న బొమ్మ కొట్టబోయి వదిలేస్తోంది, ఏం చెయ్యాలి?

వీ స్పోర్ట్స్ టెన్నిస్ ఎప్పుడూ డబుల్సే, అంటే ఒక్కో పక్క ఇద్దరేసి. ఒక్కరే ఆడుతుంటే ముందున్న బొమ్మ, వెనకున్న బొమ్మ రెండూ మీవే. మీరు ఒకసారి ఊపితే రెండూ ఊపుతాయి. బంతి ముందున్న బొమ్మకు అందేలా కనిపించగానే కంగారుగా ఊపేస్తాం. అది తప్పితే వెనకున్న బొమ్మ కూడా అప్పటికే ఊపేసి ఉంటుంది, బంతి పోయినట్టే.

కాస్త కష్టమైన బంతి అనిపిస్తే ముందున్న బొమ్మను వదిలెయ్యండి. ఊపకుండా ఆగండి. బంతి నేలను తాకి వెనకున్న బొమ్మ దగ్గరికి వస్తుంది, అప్పుడు తీరిగ్గా కొట్టండి. ఈ ఓపిక అలవడిన రోజు నుంచి నా ఆట మారింది.

నేను సరిగ్గానే ఊపుతున్నాను, అయినా ఆలస్యమవుతోంది. తప్పు ఎక్కడుంది?

చాలాసార్లు తప్పు టీవీది. కొత్త టీవీలు బొమ్మను అందంగా చూపడానికి రకరకాల సవరణలు చేస్తాయి, దానికి కొంత సమయం పడుతుంది. సినిమా చూసేటప్పుడు ఆ ఆలస్యం తెలియదు. ఈ ఆటలో సెకనుకు 60 ఫ్రేములు (విడి చిత్రాలు) నడుస్తాయి, అంటే ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. టీవీ ఐదారు ఫ్రేములు ఆలస్యంగా చూపిస్తే, మీరు కొట్టిన బంతి నిజానికి అప్పటికే దాటిపోయి ఉంటుంది.

టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఉంటుంది, అది ఆన్ చెయ్యండి. బొమ్మను నునుపుగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపెయ్యండి. పాత వీని కొత్త టీవీకి పెట్టినప్పుడు తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే దాని 480 గీతల బొమ్మను పెద్ద తెరకు సాగదియ్యడం కూడా టీవీయే చెయ్యాలి. మూడు రంగుల పిన్ను కేబుల్ బదులు కాంపోనెంట్ కేబుల్ వాడితే బొమ్మ స్పష్టంగా ఉంటుంది. గేమ్ మోడ్ పెట్టగానే "నాకు ఆట వచ్చేసింది" అన్నవాళ్ళను చూశాను. వాళ్ళకు ఆట ముందే వచ్చు, టీవీ చూపించలేదంతే.

కంట్రోలర్ కదలికను తప్పుగా పడుతోంది. పాడైపోయిందా?

వెంటనే అలా అనుకోకండి. ముందు బ్యాటరీ చూడండి. తర్వాత క్యాలిబ్రేట్ చెయ్యండి, అంటే కొలతను మళ్ళీ సరిచెయ్యండి. స్విచ్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, కంట్రోలర్ల విభాగంలో మోషన్ క్యాలిబ్రేషన్ ఎంచుకుని, జాయ్-కాన్‌ను బల్ల మీద కదలకుండా ఉంచాలి. మంచం మీదో ఒడిలోనో పెడితే పని జరగదు. మోషన్‌ప్లస్ ఉన్న వీ రిమోట్‌నైతే గేమ్ అడిగినప్పుడు బటన్లు కిందికి ఉండేలా బల్ల మీద బోర్లించాలి.

జాయ్-కాన్ మీద బొటనవేలితో కదిపే పుల్ల (స్టిక్) తనంతట తానే జరిగినట్టు చూపే డ్రిఫ్ట్ సమస్య చాలామందికి ఉంది. స్విచ్ స్పోర్ట్స్ టెన్నిస్‌లో ఆ పుల్లతో పరిగెత్తించే పని లేదు కాబట్టి ఆ పాత జాయ్-కాన్ ఇక్కడ ఇంకా పనికొస్తుంది, పారెయ్యకండి.

ఎడమచేతి వాటం వాళ్ళు ఆడవచ్చా?

నిక్షేపంగా. ఏ చెయ్యో ముందే చెప్పాలి, అంతే. చెప్పకుండా ఎడమ చేత్తో ఆడితే ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ తారుమారై అంతా అయోమయంగా ఉంటుంది.

పాయింట్లు 15, 30, 40 అని ఎందుకు వస్తున్నాయి?

అసలు టెన్నిస్ లెక్కే అది. మొదటి పాయింటుకు 15, రెండోదానికి 30, మూడోదానికి 40, నాలుగోది గెలిస్తే గేమ్ మీది. ఇద్దరూ 40 దగ్గర ఆగితే డ్యూస్, అక్కడినుంచి వరసగా రెండు పాయింట్లు గెలవాలి. వీ స్పోర్ట్స్‌లో సెట్లు ఉండవు. ఒక గేమ్, మూడింటిలో రెండు, ఐదింటిలో మూడు, ఈ మూడు రకాల మ్యాచ్‌లే. పిల్లలకు టెన్నిస్ లెక్క నేర్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

ఆడిన మర్నాడు భుజం లాగేస్తోంది. మామూలేనా?

కొద్దిగా పట్టేసినట్టు ఉండటం మామూలే, వాడని కండరాన్ని వాడారు కాబట్టి. పదునైన నొప్పి మాత్రం మామూలు కాదు. 2007లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వైద్యుడి లేఖ వచ్చింది. 29 ఏళ్ళ వ్యక్తి గంటల తరబడి వీ టెన్నిస్ ఆడి, నిద్ర లేచేసరికి కుడి భుజంలో తీవ్రమైన నొప్పితో ఉన్నాడు. భుజం వెనక ఉండే ఇన్‌ఫ్రాస్పైనేటస్ కండరపు స్నాయువు వాచింది. ఆ వైద్యుడు దానికి "వీఐటిస్" అని పేరే పెట్టాడు.

కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. అసలు రాకెట్ 300 గ్రాముల దాకా ఉంటుంది, బంతి తగలగానే ఊపులో కొంత దానికి పోతుంది. జాయ్-కాన్ 50 గ్రాములే. కొట్టడానికి బంతి లేదు. గాల్లోకి విసిరిన చేతిని ఆపాల్సింది మీ భుజమే. పైగా అలసట తెలియదు, "ఇంకొక్క మ్యాచ్" అనుకుంటూ గంటలు గడిచిపోతాయి. మొదలుపెట్టే ముందు భుజాలు, మణికట్లు ఐదు నిమిషాలు తిప్పండి. అరగంటకొకసారి ఆగండి. నొప్పి వచ్చాక ఆడటం మానేసి, రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఇది వ్యాయామమేనా?

కూర్చుని ఆడే గేమ్ కంటే మేలు, అసలు ఆట కంటే తక్కువ. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో 13 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 11 మంది వీ స్పోర్ట్స్ ఆడారు. కూర్చుని ఆడే గేమ్‌తో పోలిస్తే శక్తి ఖర్చు కనీసం 51 శాతం ఎక్కువగా ఉంది, కానీ అసలు టెన్నిస్‌కి దగ్గరకు కూడా రాలేదు. శ్రమను మెట్ అనే కొలతలో చెప్పుకుంటే, కదలకుండా కూర్చోవడం 1, ఇంట్లో వీ టెన్నిస్ సుమారు 3, మైదానంలో సింగిల్స్ 8.

శ్రమ పెంచాలంటే ఒక పని చెయ్యవచ్చు. గేమ్ అడగకపోయినా మీరు కాళ్ళు కదపండి. ప్రతి షాట్‌కీ పక్కకు ఒక అడుగు వేసి, కొట్టి, మళ్ళీ మధ్యలోకి రండి. పావుగంటకే చెమటలు పడతాయి.

ఇది ఆడితే అసలు టెన్నిస్ వస్తుందా?

బంతి కోసం ఆగడం, లెక్క, డబుల్స్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలి, ఇవి వస్తాయి. పరుగు రాదు, రాకెట్ పట్టు రాదు. అసలు మైదానం 23.77 మీటర్ల పొడవు, డబుల్స్‌కి 10.97 మీటర్ల వెడల్పు. అందులో బంతి దగ్గరికి చేరుకోవడమే సగం ఆట. ఇంట్లో ఆ సగాన్ని బొమ్మ చేసిపెడుతోంది. మణికట్టుతో విదిలించే అలవాటు మైదానంలో మోచేతికి చేటు కూడా. అసలు ఆట నేర్చుకుంటున్న పిల్లలుంటే రెండూ వేరని ముందే చెప్పండి.

కళ్ళకు తొడుక్కునే వీఆర్ హెడ్‌సెట్‌తో ఆడే టెన్నిస్ దీనికంటే అసలుదానికి దగ్గర, బంతి ఎంత దూరంలో ఉందో కంటికి తెలుస్తుంది కాబట్టి. చుట్టూ గది కనబడదు కనుక జాగా విషయంలో రెండింతలు జాగ్రత్త కావాలి.

పెద్దవాళ్ళు, నిలబడలేనివాళ్ళు ఆడవచ్చా?

ఆడవచ్చు, ఆడాలని నేను అడిగి మరీ కూర్చోబెడతాను. వీ, స్విచ్ రెండింటికీ మీరు నిలబడ్డారా కూర్చున్నారా అన్నది తెలియదు, తెలిసేది చేతి ఊపు మాత్రమే. కుర్చీలో, చక్రాల కుర్చీలో కూర్చుని ఆడేవాళ్ళు నిలబడ్డవాళ్ళను ఓడించగలరు. చేతులు లేని కుర్చీ అయితే మోచెయ్యి తగలదు. మా అమ్మమ్మ కూర్చునే ఆడేది. ఆమె ఊపు ఎంత చిన్నదో, ఆమె సమయం అంత కచ్చితం. పరుగులు పెట్టే మనవల బంతులు నేలను తాకేదాకా చూసి, తాపీగా మూలకు కొట్టేది.

ఒకరికి బాగా వచ్చు, ఇంకొకరికి అసలు రాదు. కలిసి ఆడేదెలా?

ఎదురెదురుగా కాకుండా ఒకే జట్టులో కంప్యూటర్ మీద ఆడండి. కొత్తవాళ్ళకు ముందువైపు కంటే వెనకవైపు తేలిక, ఎక్కువ సమయం దొరుకుతుంది.

పాత వీ అటక మీద ఉంది. ఇప్పటికీ పనికొస్తుందా?

వస్తుంది. వీ స్పోర్ట్స్‌కి ఇంటర్నెట్‌తో పనే లేదు, అందుకే 2014 మేలో వీ ఆన్‌లైన్ సేవ ఆగిపోయినా దీనికి ఏమీ కాలేదు. దించి, దుమ్ము దులిపి, రిమోట్ వెనక మూత తీసి చూడండి. పాత బ్యాటరీలు లోపలే ఉండిపోయి కారి ఉంటే స్ప్రింగుల మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిచి, బాగా ఆరాక రెండు కొత్త సెల్స్ వెయ్యండి. సెన్సార్ బార్ పోయి ఉంటే రెండు కొవ్వొత్తులు కాస్త ఎడంగా, పరదాలకు దూరంగా వెలిగించినా మెనూలో చెయ్యి గుర్తు కదులుతుంది, వాటి మంటలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి. మ్యాచ్ మొదలవగానే ఆర్పెయ్యండి, ఆ తర్వాత వాటితో పని లేదు.